సంతకం తేడా

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతానికి కూర్చోవడానికి కుర్చీ, చూడటానికి భూతద్దం అమర్చిపెట్టిన మనిషి మన కథలోని తాతగారు. బ్యాంకులో ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఆయన చేసిన పని ఒక్కటే. కాగితం మీది సంతకాన్నీ, ఫైల్లో ఉన్న సంతకాన్నీ పక్కపక్కన పెట్టి, రెండూ ఒకే మనిషివా కాదా అని తేల్చడం. కాదనిపిస్తే ఎర్ర సిరాతో 'సంతకం తేడా' అని రాసి వెనక్కి పంపేవాడు. ఒకసారి సొంత మేనేజరు సంతకాన్నే వెనక్కి కొట్టాడు. పాపం, ఆ రోజు ఆయనకి జ్వరం, చెయ్యి వణికింది. అప్పటినుంచి తోటివాళ్ళు ఈయనకి భూతద్దం అని పేరు పెట్టారు. ఈయనకి కోపం రాలేదు సరికదా, బిరుదిచ్చినట్టు మురిసిపోయాడు.

ఆయన ఉద్యోగం వదిలి ఆరేళ్ళయింది. ఉద్యోగం మాత్రం ఆయన్ని వదల్లేదు. పాలవాడు ముందొస్తే అనుమానం, ఆలస్యంగా వస్తే అనుమానం, సరిగ్గా వేళకొస్తే మరీ అనుమానం. పక్కింటివాళ్ళు నవ్వి పలకరిస్తే ఏం అడగబోతున్నారో అని చూసేవాడు, పలకరించకపోతే ఏం దాస్తున్నారో అని చూసేవాడు. ఇలాంటి మనిషితో కాపురం చేసిన ఇల్లాలు ఎంత ఓపికమంతురాలో గానీ, ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆయన, కూతురు, మనవరాలు. అల్లుడు ఓడలో వంటవాడు, ఏడాదికి రెండుసార్లు వస్తాడు. కూతురు వీధి చివర బేకరీలో కేకుల మీద పేర్లు రాస్తుంది. క్రీము నింపిన కోను పట్టుకుందంటే పేరు మొదటి అక్షరం దగ్గర మొదలుపెట్టి చివరి అక్షరం దాకా చెయ్యి ఎత్తకుండా ఒకే తీగలా లాగేస్తుంది. ఆ కలిపిరాత కోసమే రెండు వీధుల అవతలినుంచి కూడా జనం వస్తారు. ఆ మాట ఎవరన్నా అంటే భూతద్దం వెంటనే అందుకునేవాడు. "ఆ రాత నేను పెట్టిందే. దానికి అయిదేళ్ళప్పుడు పక్కన స్కేలు పెట్టుకుని కూర్చున్నా. మొక్కై వంగనిది మానై వంగుతుందా?" ఇత్తడి అంచు ఉన్న ఆ చెక్క స్కేలు ఇంకా ఆయన బల్ల మీదే ఉండేది. ఇప్పుడది గీతలు గీయడానికి తక్కువ, వీపు గోక్కోవడానికి ఎక్కువ.

మనవరాలికి తొమ్మిదేళ్ళు. ఒకచోట కుదురుగా ఉండదు గనక అందరికీ అది ఉడతే. దానిది పుర్రచేతి వాటం. బంతి విసిరినా, గడియ తీసినా, పెన్సిలు పట్టినా ఎడమ చెయ్యే ముందుకొస్తుంది. అది కనబడ్డప్పుడల్లా తాత ఒకే పాట పాడేవాడు. "ఇది ఓడవాళ్ళ తరఫునుంచి వచ్చింది. మా వంశంలో పుర్రచేతివాళ్ళు లేరు." కూతురు ఆ మాట వినగానే వంటగదిలోకి వెళ్ళిపోయేది. ఉడతకి మొదటిసారి పెన్సిలు ఇచ్చిన రోజున మాత్రం ఒక మాట అంది. "దీని చేతి జోలికి రావద్దు నాన్నా." ఎప్పుడూ ఎదురు చెప్పని పిల్ల అలా అనేసరికి ఆయన ఊరుకున్నాడు. తల్లి మనసు కదా, పోనీలే అనుకున్నాడు.

ఉడత రాత కోడి కెలికినట్టుండేది. బళ్ళో టీచరమ్మ దాని నోటు పుస్తకం ఎత్తి తరగతి అంతటికీ చూపించి, 'ఇలా రాయకూడదు' అని చెప్పి, దాన్ని చివరి బెంచీకి పంపింది. ఆ సాయంత్రం అది అన్నం ముట్టలేదు. దాంతో కూతురు వాకబు చేసి, సైకిళ్ళ కొట్టు మేడమీద మంగళవారం, శుక్రవారం నడిచే రాత తరగతిలో చేర్చింది. అక్కడ నేర్పే ఆవిడని పిల్లలు రిబ్బన్ల టీచరు అంటారు.

ఆ తరగతి కబుర్లు వింటున్నకొద్దీ భూతద్దానికి ఒళ్ళు మండిపోయింది. మొదటి వారం పెన్సిలే ముట్టుకోలేదట. కర్రలకి రిబ్బన్లు కట్టి గాల్లో సున్నాలు, మెలికలు తిప్పారట. రెండో వారం నేలమీద లావుపాటి తాడుతో పెద్ద అక్షరాలు పరిచి, కాలు పక్కకి పడకుండా దానిమీద నడిచారట. కాలు జారితే 'రైలు పట్టాలు తప్పింది' అని అందరూ అరుస్తారట, మళ్ళీ మొదటి స్టేషనునుంచి బయల్దేరాలట. మూడో వారం పళ్ళేల్లో ఉప్పు పోసి వేలితో రాశారట.

"తప్పు రాస్తే?" అని అడిగాడు తాత.

"తప్పుండదు తాతా. పళ్ళెం ఊపితే పోతుంది."

"తప్పు ఊపితే పోయేదైతే మరి నాకు ముప్ఫయ్యొక్క ఏళ్ళు జీతమెందుకిచ్చారు?"

ఉప్పు ఉడత గౌను జేబుల్లోంచి ఇల్లంతా రాలుతూనే ఉంది. విచిత్రం ఏమిటంటే, అయిదో వారానికి దాని రాత బాగుపడింది. అక్షరాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గీత మీద నిలబడ్డాయి. ఇంకొక తాత అయితే పొంగిపోయేవాడు. ఈయన మాత్రం భూతద్దం తీసి చూశాడు. అయిదు వారాల్లో మనిషి రాత మారడం ఆయన సర్వీసులో చూడలేదు. ఇందులో ఏదో ఉందనుకున్నాడు.

ఆ 'ఏదో' ఆరో వారం దొరికింది. ఇంట్లో ఎవరిదైనా ఒక సంతకం తీసుకుని, దానిమీద ఉన్నిదారం అతికించి తెమ్మని రిబ్బన్ల టీచరు పిల్లలకి చెప్పింది. దారం ఎక్కడా తెగకూడదు, సంతకం మొదలునుంచి చివరిదాకా ఒకే పోగు వెళ్ళాలి, అదీ ఆట. తాత చదువుతున్న పేపరు పక్కన పెట్టేశాడు.

"సంతకాలు సేకరిస్తోందా ఆవిడ?"

"సేకరించడం కాదు తాతా, దారం ఆట."

"సంతకమంటే ఇంటి తాళంచెవి. పిల్లల చేత తాళంచెవులు తెప్పించుకోవడం ఆటటే?"

ఆయన సంతకం ఇవ్వలేదు. ఉడత వాళ్ళ నాన్న ఉత్తరంలోంచి సంతకం తీసుకుని దారం అతికించుకుంది.

అప్పటికే ఆయన్ని ఇంకో పురుగు తొలుస్తోంది. రోజూ పొద్దున్నే బేకరీకి వెళ్ళి, యజమానితో కలిసి ఒకే పేపరు సగం సగం చదవడం ఆయనకి అలవాటు. ఇంట్లో చీమ చిటుక్కుమన్నా ఆ బల్ల దగ్గర తెలిసిపోయేది. దాచాలని ఉండేది కాదు, నోట్లో ఆగేది కాదు, అంతే. లోకమంతా ఏదో దాస్తోందని అనుమానించే మనిషికి సొంత నోటికి గడియ లేకపోవడం వింతే. ఒకరోజు యజమాని టీ గ్లాసు ముందుకి జరిపి అన్నాడు.

"బాబాయ్, అమ్మాయికి ఇంట్లో ఏమైనా ఇబ్బందా? కేకుల మీద రాత వణుకుతోంది. నిన్న ఒకాయన వెనక్కి పట్టుకొచ్చాడు. ఇలాగే ఉంటే రాతకి ఇంకొకళ్ళని చూసుకుని, అమ్మాయిని ప్యాకింగులో వేయాలి."

"ధ్యాస ఉండదయ్యా దానికి. మంగళవారం, శుక్రవారం పని ఎక్కువని చీకటిపడ్డాక గానీ ఇల్లు చేరదు. అలిసిపోతోంది."

యజమాని వింతగా చూశాడు. "ఆ రెండు రోజులూ నాలుగింటికే వెళ్ళిపోతోంది కదా."

భూతద్దం టీ వదిలేసి ఇంటికొచ్చాడు. నాలుగింటికి బయల్దేరిన మనిషి ఏడింటికి ఇల్లు చేరుతోందంటే మధ్యలో మూడు గంటలెక్కడ? కూతుర్ని అడుగుదామనుకున్నాడు, అడగలేదు. అడిగితే జాగ్రత్తపడతారు, చూస్తూ ఉండాలి, అది ఆయన పద్ధతి. ఈమధ్య కూతురు ఉక్కపోతలో కూడా పొడుగు చేతుల జాకెట్టే వేసుకుంటోంది. గిన్నె దించేటప్పుడు ఉడతని పిలుస్తోంది. ఇవన్నీ చూశాడు. దేన్ని దేనితో కలపాలో మాత్రం తెలియలేదు.

ఇలా ఉండగా ఒక శుక్రవారం పొద్దున ఉడత సంచీ సర్దుకుంటుంటే ప్రోగ్రెస్ కార్డు జారి కిందపడింది. తాత తీశాడు. లెక్కల్లో వందకి ముప్ఫయ్యొకటి. కింద 'తల్లి లేక తండ్రి సంతకం' అన్నచోట కూతురి సంతకం ఉంది. సోమవారం కార్డు తిరిగి ఇచ్చేయాలి.

ఆయన సంతకాన్ని చూశాడు. తర్వాత నెమ్మదిగా కుర్చీలో కూర్చుని, భూతద్దం తీసి, పంచె అంచుతో తుడిచి మళ్ళీ చూశాడు.

"ఇది ఎవరు పెట్టారు?"

"అమ్మ" అంది ఉడత.

"అమ్మ సంతకం నాకు తెలీదా? దానికి రాత నేర్పింది నేను. ఇలా రా, చూడు. ఇది రాసింది కాదు, గీసింది. గీత నిదానంగా నడిచింది. ఇదిగో ఇక్కడ ఒకసారి పెన్ను ఎత్తారు, ఇక్కడ రెండోసారి. మీ అమ్మ ఎత్తదు. మీ అమ్మ సంతకం కుడికి వాలుతుంది, ఇది ఎడమకి వాలింది. అన్నిటికంటే ముఖ్యం ఈ మరక. తడిసిరా మీద అరచెయ్యి ఈడ్చుకుంటూ ఇటునుంచి అటు పోయింది. కుడిచేత్తో రాసేవాళ్ళకి ఈ మరక పడదు. ఇది పుర్రచేత్తో పెట్టిన సంతకం."

చివరి మాటకి ఉడత మొహం పాలిపోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం అనుకున్నాడు తాత. కానీ అది ఆయన వైపు చూడటంలేదు. బల్లమీది స్కేలు వైపు చూస్తోంది.

"ఈ ఇంట్లో పుర్రచెయ్యి ఒక్కటే ఉంది. నువ్వేనా?"

ఉడత సంచీ పట్టీని వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"నేనే తాతా."

"ఎవరు నేర్పారు? ఆ రిబ్బన్లావిడేనా?"

"టీచర్ని ఏమీ అనకు. ఎవరూ నేర్పలేదు."

"సరే. ముందు మీ అమ్మకి చెప్తాను, తర్వాత బడికి చెప్తాను."

"అమ్మకి చెప్పు" అంది ఉడత. ఆగి, "బేకరీ మామయ్యకి మాత్రం చెప్పకు తాతా" అంది.

దొంగతనం బయటపడ్డాక బేరాలాడటం ఆయన చాలాసార్లు చూశాడు. ఇదీ అదేననుకున్నాడు. బల్ల సొరుగులోంచి ఎర్ర పెన్ను తీసి, కార్డు మీద సంతకం పక్కన గుండ్రటి అక్షరాలతో 'సంతకం తేడా. విచారించగలరు' అని రాశాడు. ఆరేళ్ళ తర్వాత మళ్ళీ ఆ మాటలు రాస్తుంటే ఆయనకి సంతోషం వేసింది. ఎదురుగా నిలబడింది తొమ్మిదేళ్ళ పిల్లని గుర్తొచ్చి, ఆ సంతోషానికి కొంచెం సిగ్గు కూడా వేసింది. అయినా ఎర్ర పెన్ను మూత పెట్టింది రాయడం పూర్తయ్యాకే.

"ఇవాళ్టినుంచి ఆ తరగతికి వెళ్ళేది లేదు."

"వచ్చే శుక్రవారం పెద్ద కాగితం చుట్ట పరుస్తారు తాతా. అందరం పేర్లు రాస్తాం. మొదటి పేరు నాదే అని టీచర్ చెప్పింది." అది గొంతు పెంచకుండా చెప్పింది. "బళ్ళో చివరి బెంచీ కదా, అందుకని ఇక్కడ మొదట నన్ను రాయమంది."

"దొంగసంతకం పెట్టిన చేత్తోనా?"

ఉడత ఏడవలేదు. ఏడవకపోవడం కూడా ఆయనకి అనుమానంగానే తోచింది.

సాయంత్రం బడినుంచి దాన్ని తనే తీసుకొచ్చి, గది దాటి కదలొద్దని చెప్పి బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. కార్డు జేబులో పెట్టుకుని, రిబ్బన్ల టీచరు సంగతి తేల్చడానికి బయల్దేరాడు. పిల్లలకి దొంగసంతకాలు నేర్పుతోందని రుజువు దొరికితే ఆ మేడ గది యజమానిని కూడా కలవాలని దారిలో నిశ్చయించుకున్నాడు. నాలుగుంపావు అయింది. సైకిళ్ళ కొట్టువాడు ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూస్తున్నాడు. పక్కనుంచి ఇనుప మెట్లు ఎక్కుతుంటే పైనుంచి పిల్లల అరుపులు వినపడ్డాయి. రైలు మళ్ళీ పట్టాలు తప్పినట్టుంది.

తలుపు బయట చిన్న చిన్న బూట్లు, చెప్పులు గుట్టగా పడున్నాయి. వాటి మధ్య ఒక పెద్ద జత ఉంది. ఎడమ చెప్పు పట్టీకి నల్లదారంతో మూడు కుట్లు. ఆ కుట్లు వేసింది ఆయనే, పోయిన నెల. పొరపాటు పడే అవకాశమే లేదు.

ఆహా, కూతురికి కూడా ఇందులో చెయ్యుందా అనుకున్నాడు. అడుగులు నెమ్మదిగా వేసి తలుపు సందులోంచి చూశాడు.

నేలమీద తాడు అక్షరం చుట్టూ ఏడెనిమిది మంది పిల్లలు. గోడవారన పొట్టి బెంచీ మీద, మోకాళ్ళు గెడ్డం దాకా వచ్చేలా ఆయన కూతురు కూర్చుంది. కుడి మణికట్టుకి గట్టి పట్టీ చుట్టి ఉంది, ఆ చెయ్యి ఒళ్ళో వాలిపోయి ఉంది. ఎడమచేతిలో కోను. ముందు పళ్ళెంలో మైదాపిండి కలిపిన ముద్దతో ఏదో రాస్తోంది. కనుబొమల మీద ఉప్పురవ్వలు అంటుకున్న ఒక బక్కపల్చటి అమ్మాయి ఆమె వెనక నిలబడి, "భుజం వదులుగా పెట్టండక్కా. వేళ్ళతో కాదు, చెయ్యి మొత్తం కదలాలి. ఎత్తకండి" అంటోంది.

కూతురు ఎత్తింది. ఒక మెలిక దగ్గర ఒకసారి, దాని తర్వాతి అక్షరం దగ్గర రెండోసారి. అక్షరాలు ఎడమకి వాలాయి. రాసిన ముద్దమీద అరచెయ్యి రాసుకుని ఇటునుంచి అటు మరక పడింది.

ఒకటి, రెండు, వాలు, మరక. భూతద్దం జేబులోంచి తీయాల్సిన పని కూడా లేకపోయింది. పొద్దున ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు. మనిషే తప్పు.

"ఉడత ఇంకా రాలేదేంటి టీచర్?" అంటూ కూతురు తలెత్తింది. తలుపు దగ్గర తండ్రి కనిపించాడు.

కోను కిందపడింది. ఆమె ఎడమచెయ్యి గభాలున వీపు వెనక్కి పోయింది. భుజం ముడుచుకుంది. ముప్ఫై అయిదేళ్ళ మనిషి, ఒక పిల్లతల్లి, చెయ్యి వెనక దాచుకుని పొట్టి బెంచీ మీద బిగుసుకుపోయి కూర్చుంది.

ఆ కూర్చోవడం ఆయనకి తెలుసు. అంతకుముందు ఎక్కడ చూశాడో ఒక్క క్షణం అర్థం కాలేదు, తర్వాత అయింది. అయిదేళ్ళ పిల్ల, ముందు పలక, పక్కన ఆయన, ఆయన పక్కన స్కేలు. 'ఏదీ, ఆ చెయ్యి చూపించు.' నాలుగు నెలలు పట్టింది ఆ చెయ్యి మానిపించడానికి. ఒక నెల రుమాలుతో కట్టేశాడు కూడా. నాలుగు నెలల్లో మా అమ్మాయి రాత ముత్యాల్లా తయారైందని ఊరంతా చెప్పుకున్నాడు. ఎలా తయారైందో తను మర్చిపోయాడు. ముప్ఫయ్యేళ్ళ కిందటి చెక్కు మీది సంతకం గుర్తుంటుంది ఆయనకి. కూతురు ఏ చేత్తో పుట్టిందో గుర్తులేకపోయింది.

"టీచర్, రైలు ఆగిపోయింది" అన్నాడు తాడు మీద నిలబడిన ఒక పిల్లాడు. ఎవరూ నవ్వలేదు.

"ఉడతేది నాన్నా?" అంది కూతురు. చెయ్యి ఇంకా వెనకే ఉంది.

"ఇంట్లో ఉంది. నేనే రానివ్వలేదు." జేబులోంచి కార్డు తీసి ఇచ్చాడు. ఆమె కుడిచేత్తో అందుకోబోయింది, వేళ్ళు పట్టలేదు. కార్డు ఒళ్ళో పడితే వంగి ఎర్ర అక్షరాలు చదివింది.

"ఈ సంతకం నాదే నాన్నా."

"ఇప్పుడు తెలిసింది."

"మరి అదేమంది?"

"తనే పెట్టానంది."

కూతురు కార్డు ఒళ్ళో బోర్లించింది. తర్వాత చెప్పింది. మణికట్టులో నరం నొక్కుకుపోయిందట, పన్నెండేళ్ళు కోను పిండీ పిండీ. నెలల తరబడి విశ్రాంతి కావాలట, అప్పటికీ పూర్తిగా వస్తుందో రాదో చెప్పలేనన్నాడట డాక్టరు. ఉడతని చేర్చడానికి వచ్చినప్పుడు పిల్లలు ఉప్పులో వేలితో రాయడం చూసి, ఎవరూ చూడకుండా ఎడమచేత్తో తనూ ఒక అక్షరం రాసిందట. వచ్చిందట. ఆ రోజునుంచి పిల్లలతో పాటు కూర్చుంటోంది. వాళ్ళు వెళ్ళాక ఇంకో రెండు గంటలు ఉంటోంది. ఫీజుకి బదులు పిల్లలకి పిండిముద్ద, కోన్లు తెస్తోంది.

"నాకు చెప్పొచ్చు కదమ్మా."

"చెప్తే మర్నాడు పొద్దున పేపరు సగాల మధ్య బేకరీలో తెలిసేది. నువ్వు కావాలని చెప్పవు నాన్నా. ఆగదు నీకు. చెయ్యి కుదిరేదాకా ఆయనకి తెలియకూడదు. తెలిస్తే ప్యాకింగులో వేస్తాడు, ఇక రాతకి రానివ్వడు."

ఇది ఒక కారణం. రెండో కారణం ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. అది ఆమె వీపు వెనకే ఉంది.

ఇద్దరూ ఇంటికొచ్చారు. ఉడత కూర్చోబెట్టిన చోటే కూర్చుని ఉంది. అమ్మా తాతా కలిసి రావడం చూసి లేచి నిలబడింది. భూతద్దం బల్ల దగ్గరకి వెళ్ళి, కార్డు పరిచి, ఎర్ర రాత కొట్టేయడానికి అలవాటుగా స్కేలు కోసం చెయ్యి చాపాడు. స్కేలు లేదు.

"స్కేలేదే?"

"దాచేశాను" అంది ఉడత.

"ఎందుకు?"

అది అమ్మ వైపు చూసింది. అమ్మ తల ఊపింది.

"నువ్వు టీచర్ దగ్గరకి వెళ్తున్నావు కదా, అమ్మ సంగతి తెలిసిపోతుందని. అమ్మ చేతిమీద మళ్ళీ కొడతావని."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "మరి పొద్దున నువ్వే పెట్టానన్నావు. నిన్ను కొడతానని భయం వేయలేదా?"

"నా చేతి జోలికి రావద్దని నీకు అమ్మ చెప్పింది కదా తాతా" అంది ఉడత. "అమ్మ చేతి జోలికి రావద్దని నీకెవరూ చెప్పలేదు."

ఆయనకి ఏడుపొచ్చింది. పిల్లల ముందు ఏడవడం అలవాటులేక భూతద్దం తీసి తుడిచాడు, తుడిచిందే తుడిచాడు. కూతురు వచ్చి పక్కన నిలబడింది. చివరికి ఆయన స్కేలు లేకుండానే ఎర్ర అక్షరాల మీద గీత కొట్టాడు, వంకరగా వచ్చింది. కింద 'సంతకం తల్లిదే. సరిచూడటంలో పొరపాటు నాది' అని రాసి తన సంతకం పెట్టాడు. ముప్ఫయ్యొక్క ఏళ్ళ సర్వీసులో ఆయన రాసిన అభ్యంతరం ఒక్కటి కూడా వెనక్కి తీసుకోలేదు. ఇదే మొదటిది.

"లెక్కల్లో ముప్ఫయ్యొకటి మాత్రం నాదే" అంది ఉడత.

మరుసటి శుక్రవారం కాగితం చుట్ట మీద మొదటి పేరు అదే రాసింది. బియ్యం డబ్బా అడుగునుంచి స్కేలు బయటికి తీసి, పళ్ళేల్లో ఉప్పు చదును చేయడానికి బాగుంటుందని రిబ్బన్ల టీచరుకి ఇచ్చేసింది. తాతని అడగలేదు, తాతా తిరిగి అడగలేదు. వీపు గోక్కోవడానికి దువ్వెన చాలనుకున్నాడు.

బేకరీ సంగతి మిగిలింది. కూతురు ఒకటే షరతు పెట్టింది. "అడక్కపోతే నోరు విప్పకు. అడిగితే అబద్ధం చెప్పకు." అడక్కపోతే నోరు విప్పకుండా ఉండటమంటే ఏమిటో భూతద్దానికి ఆ మూడు వారాల్లో తెలిసింది. పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, టీ వేడిగా ఉండగానే గటగటా తాగేసి లేచొచ్చేవాడు. ఆయనకి ఒంట్లో బాగోలేదేమోనని యజమానికి అనుమానం వచ్చింది.

నాలుగో వారం యజమాని లోపలినుంచి ఒక కేకు తెచ్చి బల్లమీద పెట్టాడు. దానిమీద ఒక పిల్లవాడి పేరు, మొదటినుంచి చివరిదాకా ఒకే తీగ, ఎక్కడా తెగలేదు. అక్షరాలన్నీ ఎడమకి వాలి ఉన్నాయి.

"బాబాయ్, రాత్రి ఎప్పుడు పడుకున్నా నాకిదే ఆలోచన. రాత వణకడం తగ్గింది, బాగానే ఉంది. కానీ ఇది అమ్మాయి రాత కాదు. పన్నెండేళ్ళనుంచి చూస్తున్నాను కదా. లోపల తలుపేసుకుని రాస్తోంది. ఇంకెవరిచేతనో రాయించి తెస్తోందేమోనని నా అనుమానం. సంతకాలు చూసినవాళ్ళు మీరు, మీరైతే చెప్పగలరు. ఇది మీ అమ్మాయి రాతేనా?"

భూతద్దం పేపరు మడిచి పక్కన పెట్టాడు. జేబులోంచి అద్దం తీసి, కేకు మీదకి వంగి మొదటి అక్షరంనుంచి చివరి అక్షరందాకా నిదానంగా చూశాడు. లోపలి తలుపు కొంచెం తెరుచుకుని ఉంది. సందులో కూతురు నిలబడింది. ఎడమచేతిలో కోను ఉంది, ఆ చెయ్యి ముందుకే ఉంది.

"మా అమ్మాయిదే. పుర్రచేతి రాత. మా వంశంలో ఉంది" అన్నాడు ఆయన.

"మరి ఇన్నాళ్ళూ రాసింది?"

"అది నాదయ్యా" అన్నాడు భూతద్దం. అద్దానికి అంటుకున్న క్రీము తుడుచుకుని జేబులో పెట్టుకున్నాడు.